పదమూడు ముక్కల కుర్చీ

నాకు కుదురుగా కూర్చోవడం రాదు. ఇరవైరెండేళ్ళు కుర్చీల కార్ఖానాలో పనిచేసినవాడు ఈ మాట అంటే నవ్వొస్తుందని తెలుసు. మా ఆవిడ మాత్రం నవ్వడం మానేసి చాలా కాలమైంది. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపు రెండుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్ళకి, ఒకసారి ఎందుకో నాకే గుర్తులేదు. ఇలా లేచినప్పుడల్లా లెక్కపెట్టుకోవడం అలవాటైంది. ఆ అలవాటు ఒక వానాకాలంలో పట్టుకుంది. దాని సంగతే చెబుతాను.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్ళు సన్నకాళ్ళ కుర్చీ, నగిషీ లేని బల్ల, గోడకి ఒకే ఒక్క అర అంటూ ముచ్చటగా నక్షాలు గీస్తున్నారు. వాటిని చూసి సంతోషిస్తాను. ఉన్న ముక్కల్లోంచి అక్కర్లేనివి తీసెయ్యడం గొప్ప పనే. ఆ పిచ్చి నాకూ పట్టింది, మీలో చాలామంది పుట్టకముందే, యుద్ధం రోజుల్లో, ఇదే అనకాపల్లిలో. అప్పుడు నేను తీసేసిన ముక్కల్లో ఏది తీయకూడదో తెలిసేసరికి ఒక పెద్దాయన పన్నెండేళ్ళ మాట నా చేతుల్లో విరిగింది.

నాది చెరకు పండించే ఊరు. అయిదో తరగతితో బడి ఆగింది, లెక్క మాత్రం ఆగలేదు. బెల్లం బజారులో కాటాల దగ్గర నిలబడి తూకాలు నోటితో కూడేవాణ్ణి. ఆ తరవాత కలప అడితీలో చేరి, ఎవరూ చెప్పకుండానే దుంగ లెక్క పట్టుకున్నాను. దుంగ నడుముకి తాడు చుట్టాలి. ఆ తాడుని నాలుగు మడతలు పెట్టాలి. మడత పొడవుని దానితోనే హెచ్చించి, దుంగ పొడవుతో మళ్ళీ హెచ్చిస్తే కలప ఎంతో తేలుతుంది. నేను తాడు మడతపెట్టి నోటితో చెప్పిన అంకె, అడితీ గుమాస్తా కాగితం మీద వేసిన అంకె ఒక్కటే కావడం చూసి కుర్చీల కార్ఖానా యజమాని నన్ను పిలిపించుకున్నారు. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. లెక్కలు చూస్తానని నన్ను ఆయన మున్షీ అనేవారు.

ఉస్తాద్‌కి అప్పటికే అరవై దాటాయి. తాతల నాటి నుంచి నగిషీ పని. ఆయన ఉలి కింద నెమలి మెడ తిప్పేది. ఊళ్ళో బెల్లం వర్తకుల ఇళ్ళల్లో వీపుకి తీగలూ చేతులకి సింహపు పంజాలూ ఉన్న కుర్చీ కనిపిస్తే అది మా షెడ్డు నుంచి వచ్చిందే. ఆయన కింద పెద్ద వడ్రంగి ఒకడు ఉండేవాడు. అతనూ నేనూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళం. చుట్టరికం లేదు, పక్కపక్క ఊళ్ళు, అంతే. నోరు ఎంత పదునో చేతి చిత్రిక అంత పదును.

షెడ్డు వెనక ఇటుకల మీద ఒక టేకు దుంగ పన్నెండేళ్ళుగా ఆరుతూ ఉండేది. దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. వాళ్ళ వీధి మసీదుకి లోపలి తలుపు చెదపట్టిపోతే, కొత్తది ఈ ఒక్క దుంగలోంచే తన చేత్తో చేసి ఇస్తానని ఉస్తాద్ పెద్దల ముందు మాటిచ్చారు. తలుపు అంచు చుట్టూ చెక్కాల్సిన తీగని ఒక పెద్ద కాగితం మీద కొలతకి గీసి, గొట్టంలా చుట్టి, పనిముట్ల పెట్టె మూతలో దాచుకున్నారు. ఏడాదికోసారి విప్పి, ఒక ఆకు చెరిపి ఇంకో ఆకు గీసి, మళ్ళీ చుట్టేవారు. పొట్టకూటి పనులు అడ్డొచ్చి ఏళ్ళు గడిచిపోయాయి.

విశాఖలో బాంబులు పడ్డ ఎండాకాలం వచ్చింది. అప్పటి అనకాపల్లిని చూడాలి. ఆగే ప్రతి రైలులోంచీ ట్రంకుపెట్టెలూ, పరుపుచుట్టలూ, పంజరంలో చిలకలూ. అరుగులన్నీ నిండిపోయాయి. ఒకటే గదిలో రెండు కుటుంబాలు. మనిషి మనిషికీ పుకారు. ఎవరూ ఒకచోట నిలబడి మాట పూర్తిచేసేవారు కాదు. నాకైతే ఆ రోజుల్లో ఊరంతా నాలాగే అయిపోయిందనిపించేది. అడితీల్లో టేకు మిలిటరీకని గుర్తులు వేసి ఉంచారు. చిన్న ముక్క కావాలన్నా దొరికేది కాదు. మా షెడ్డులో ఎవరి చేతులకీ పని లేదు.

అలాంటప్పుడు విశాఖ నుంచి వచ్చేసిన ఒక డాక్టరమ్మగారు మా షెడ్డుకి వచ్చారు. ఆవిడ ఒక ఖాళీ బెల్లం గోదాము అద్దెకి తీసుకుని, సున్నం కొట్టించి, కాన్పుల ఆసుపత్రి పెడుతున్నారు. ఇనపమంచాలు పన్నెండు ఆవిడే తెచ్చుకున్నారు. మంచానికో కుర్చీ కావాలి, బాలింతకి తోడుగా వచ్చే మనిషి కోసం. ఇంకేమీ వద్దు. రెండేసి మంచాల మధ్య గోడలో లాంతరు పెట్టుకునే గూడు ఒకటి, అంతే.

మేం ఒక నెమలి కుర్చీ చూపించాం. ఆవిడ మూలనున్న చీపురు అందుకుని కుర్చీ కింద పోనిచ్చారు. అది అడ్డకమ్మికి తగిలి ఆగింది. ఇంకో పక్క నుంచి పోనిచ్చారు. మళ్ళీ ఆగింది.

“చూశారా? ఇక్కడ ఆగితే దుమ్మూ ఇక్కడే ఆగుతుంది. ఈ నెమలి ముక్కులోది ఎవరు తీస్తారు? పసిపిల్లలుండే చోటు. నాకు చీపురు ఆగని కుర్చీ కావాలి.”

“ఆ ముక్కులో దుమ్ము మా నాయన కాలం నుంచీ ఉంది తల్లీ,” అన్నారు ఉస్తాద్. “ఎవులికీ జొరం రానేదు.”

“వచ్చినవాళ్ళు మీ దగ్గరికెందుకొస్తారు? నా దగ్గరికొస్తారు.”

ఉస్తాద్ పెద్దగా నవ్వారు. అయినా ఆ నవ్వు చివర కొంచెం చిన్నబోయింది.

పని కావాలి. కలప లేదు. ఉన్నది వెనకనున్న దుంగ ఒక్కటే. అది ఎవరి నోటా రాలేదు. నేనే అన్నాను. దుంగ కోయిద్దాం, తలుపుకి కావాల్సిన ఏడడుగుల చెక్కలు ముందే తీసి పక్కన పెట్టేద్దాం, మిగిలినదాంట్లో పన్నెండు కుర్చీలూ తెగ్గొడదాం అని.

పెద్ద వడ్రంగి నోరు తెరిచాడు. “మిగిలిందాంట్లోనా? నీకు మతి సెలించిందేటి బావా? ఏడు కుర్సీలకి మించి రావు.”

“నీ కుర్సీలైతే ఏడే.”

ఉస్తాద్ నా కళ్ళల్లోకి చూశారు. “మున్షీ, ఇది మాటా, లెక్కా? మాటైతే ఇక్కడే ఒగ్గీ. లెక్కయితే సూపించు.”

“లెక్కే ఉస్తాద్.”

“తలుపు సెక్క మీద రంపం పడదుగదా?”

“పడదు.”

వచ్చే రంజానుకి తలుపు నిలబెట్టెయ్యాలని ఆయన అప్పటికప్పుడే అనుకున్నారు. ఎలాగూ దుంగ కోస్తున్నాం కదా, ఇంక ఆలస్యం దేనికన్నారు.

తరవాత పదిరోజులు నేను తిన్నదీ తాగిందీ తెలియదు. మా పాత కుర్చీని విప్పి నేలమీద పరిచాను. ఇరవైఆరు ముక్కలు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని ‘నువ్వు దేన్ని మోస్తున్నావు?’ అని అడిగేవాణ్ణి. నిజంగానే పైకి అడిగేవాణ్ణని మా ఆవిడ అంటుంది. నెమలి ఏమీ మొయ్యదు. తీసేశాను. చేతులు రెండూ, వాటి కింది పొట్టికాళ్ళు రెండూ తీసేశాను. వీపులోని కడ్డీలు తీసేసి రెండు అడ్డపట్టీలు ఉంచాను. చివరికి నేలకి దగ్గరగా నాలుగు కాళ్ళనీ కలుపుతూ తిరిగే అడ్డకమ్ములు నాలుగు మిగిలాయి. మనిషి బరువు పైనుంచి కాళ్ళల్లోకి నిటారుగా దిగుతుంది. ఈ కమ్ముల మీదికి చిటికెడు కూడా రాదు. పైగా చీపురుకి అడ్డం ఇవే. తీసేశాను.

నాలుగు కాళ్ళు, కాళ్ళని పైన కలిపే చట్రం నాలుగు, వీపుకి రెండు, కూర్చునే చెక్కలు మూడు. పదమూడు. ఇరవైఆరులో సరిగ్గా సగం. ఆ సగం చూసి నాకు ఒళ్ళు పులకరించింది. అంత సమంగా తెగిన లెక్క తప్పెలా అవుతుందనుకున్నాను.

మొదటి కుర్చీ తయారైంది. దాన్ని పరీక్షించిన తీరు మీకు చెప్పాలి. మా కార్ఖానాలో ఒక కట్టుబాటు ఉండేది. కొత్త కుర్చీ మీద చేసినవాడు కూర్చోకూడదు. కొన్నవాడే మొదట కూర్చోవాలి. లేకపోతే అది ఎంగిలి కుర్చీ అనేవారు. ఉస్తాద్ తాత పెట్టిన నియమమట. అందుకని కుర్చీ బలం చూడాలంటే మా ఊరివాళ్ళకి దగ్గరున్న బరువే వాడేవాళ్ళం. ఎదుటి కొట్లోంచి బెల్లం దిమ్మలు తెచ్చి, కుర్చీ మీద పలక వేసి, దాని మీద దిమ్మలు పేర్చేవాళ్ళం. ఆరు దిమ్మలు మోసిందంటే భారీ మనిషిని మోసినట్టే.

ఆరు పెట్టాం. కదల్లేదు. ఏడోది పెట్టమన్నాను. ఒక పగలంతా ఉంచాం.

పెద్ద వడ్రంగి దిమ్మలకి దణ్ణం పెట్టాడు. “కూకున్నాయన మా మంచోడు బావా. కాలు కదపడు, ఏటీ అడగడు. పెద్ద సావుకారే.”

సాయంత్రం దిమ్మలు దించుతుంటే అతని చెయ్యి జారి ఒక దిమ్మ పక్కకి దొర్లింది. కుర్చీ కిర్రుమంది.

“ఇన్నావా?” అన్నాడు.

“కొత్త కొయ్య. కిర్రుమంటాది.”

“పన్నెండేళ్ళు ఆరిన కొయ్య కొత్తదెలగయిపోయింది?”

నా పుస్తకంలో ‘ఏడు దిమ్మలు, ఒక పగలు, వంకర లేదు’ అని రాసుకున్నాను. కిర్రుమన్న సంగతి రాయలేదు. అంకె కానిది రాసే అలవాటు నాకు అప్పటికి లేదు.

తొలకరి వేళకి పన్నెండు కుర్చీలూ గోదాములో దింపాం. ఇప్పటికీ ఆ గది నా కళ్ళముందుంది. తెల్లటి పొడవాటి గోడ. ఒకే వరసలో మంచాలు. ప్రతి మంచం పక్కనా ఒక కుర్చీ, దాని నాలుగు సన్నటి నీడలు నేలమీద. నా బతుకులో మొదటిసారి ఒకచోట కదలకుండా కాసేపు నిలబడ్డాను. డాక్టరమ్మగారు ఆయా చేత చీపురు ఆ చివర నుంచి ఈ చివరకి తోయించారు. ఎక్కడా ఆగలేదు. నా వైపు చూసి తల ఊపారు.

ఉస్తాద్ మాత్రం వంగి కాళ్ళకేసి చూసి, “బోసిగా ఉన్నాయి,” అన్నారు. నగిషీ లేదని బాధ కాబోలు అనుకున్నాను.

పంతొమ్మిదో రోజున ఆయా పరిగెత్తుకుంటూ వచ్చింది. కుర్చీ విరిగిందని, ముసలమ్మ చేతిలో పసిపిల్ల ఉందని. దారిపొడుగునా ఉస్తాద్ వానలో గొడుగు తెరవడం కూడా మరిచిపోయారు. అంత దూరమూ నేను అడుగులు లెక్కపెట్టాలని చూశాను. వందకి ముందే తప్పిపోయేవాణ్ణి.

పిల్ల క్షేమం. ముసలమ్మ మోచెయ్యి గీరుకుపోయింది. మాడుగుల వైపు పల్లె నుంచి కూతురి కాన్పుకి వచ్చిన మనిషి. పడిపోతూ కూడా మనవరాల్ని పొట్టకి అదుముకుని, తన వీపు నేలకి ఇచ్చింది. మమ్మల్ని చూడగానే లేచి కూర్చుంది.

“నువ్వేనా నాయినా దీన్ని సేసింది? ఓలమ్మ! కాళ్ళెట్టీసేవు గానీ దీనికి నడుం ఏదీ?”

“ఎలా కూర్చున్నావు అవ్వా?” అని డాక్టరమ్మగారు అడిగారు.

“ఎలగ కూకుంతారు? అందరూ ఎలగ కూకుంతారో అలగే.” కిందనే చేసి చూపించింది. రెండు కాళ్ళూ పైకి తీసుకుని, మోకాళ్ళు ముడిచి, తొడల మీద పిల్లని పడుకోబెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగింది. “గుంట ఏడిత్తే ఊపనా? ఇక్కడ ఉయ్యాలేదీ? గదిలో ఏటీ ఉండకూడదని ఈ డాట్రమ్మ ఉయ్యాల కూడా కట్టనియ్యదు.”

డాక్టరమ్మగారు మొహం పక్కకి తిప్పుకున్నారు.

కుర్చీని తిరగేశాను. ముందుకాలు చట్రం బెజ్జంలోంచి ఊడి వచ్చింది. మిగిలిన పదకొండూ పట్టుకుని ఊపి చూశాను. ఆరు కుర్చీల కాళ్ళు నోట్లో వదులైన పళ్ళలా ఆడాయి. డాక్టరమ్మగారు అన్నిటినీ ఎండకీ వానకీ వరండాలో పెట్టించారు. తోడు మనుషులు చెమ్మనేల మీద గోనెలు పరుచుకుని కూర్చున్నారు. శుక్రవారం లోపు బాగుచెయ్యాలి, లేదా వెనక్కి తీసుకుపోవాలి అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు.

నేను వెంటనే వెళ్ళలేదు. ఆడని కుర్చీల్లోంచి ఒకటి అడిగి తీసుకుని గోడవారగా వేయించి, ఇంకొకావిడని కూర్చోమని, దూరంగా నిలబడి చూశాను. గోడ గడియారం ఎదురుగానే ఉంది. ఒక గంటలో ఆవిడ నలభైఒక్కసార్లు కదిలింది. కాలు మీద కాలు వేసింది. తీసింది. ఒక తుంటి మీదికి ఒరిగి పక్కమంచం ఆవిడతో మాట్లాడింది. లేవకుండానే కుర్చీని మంచం దగ్గరికి ఈడ్చుకుంది. వెనక కాళ్ళ మీద వాలి కునికింది. కాళ్ళు పైకి లాక్కుంది. బరువు నిటారుగా దిగిన క్షణాలు ఎన్నో నేను లెక్కపెట్టలేకపోయాను. బరువు పక్కకి తన్నిన ప్రతిసారీ ఆ కాళ్ళని ఒకదానికొకటి పట్టి ఉంచాల్సినవి ఏవో అప్పుడు కనిపించాయి, లేనిచోట ఖాళీగా. బెల్లం దిమ్మ ఏడిచే పిల్లని ఊపదు. పక్కదిమ్మతో కబుర్లాడదు. ఒక పగలంతా నేను మనిషిని మొయ్యగల కుర్చీని పరీక్షించలేదు. గోదాములో బెల్లం పెట్టుకునే బల్లని పరీక్షించాను.

ఉస్తాద్‌కి చెప్పాను. “అడ్డకమ్ములు కావాలి.”

“కావాల,” అన్నారు ఆయన. బోసిగా ఉన్నాయన్నప్పుడే ఆయనకి తెలుసని అప్పుడు నాకు తెలిసింది. ఎందుకు చెప్పలేదని అడగలేదు. లెక్క అని అన్నది నేను.

కుర్చీకి నాలుగు అక్కర్లేదు, మూడు చాలు అన్నారు ఆయనే. పక్కల రెండు, ఆ రెండింటినీ మధ్యలో కలుపుతూ ఒకటి. ముందువైపు ఖాళీగానే ఉంటుంది కాబట్టి చీపురు దూరుతుంది. మొత్తం ముప్పైఆరు కమ్ములు. షెడ్డులో తుక్కంతా ఏరితే పదహారు వచ్చాయి. ఇరవై తక్కువ.

“మామిడి కొయ్య పెట్టీద్దుమా?” అన్నాడు పెద్ద వడ్రంగి.

“టేకు కాలికి మామిడి కమ్మా? ఒకటి ఎండకి ముడుసుకుంటాది, ఒకటి సెమ్మకి ఉబ్బుతాది. ఒకసారి పడ్డాది సాలదా?” అన్నారు ఉస్తాద్.

“రెండ్రోజులు నాకొగ్గీండి. టేకు తెత్తాను,” అన్నాను. తలుపు చెక్కల వైపు చూడకుండా ఉండడానికి నేను చేసిన ఏర్పాటు అది.

ఆ రెండు రోజులు నేను నిలబడింది తక్కువ. అనకాపల్లిలో ఉన్న అడితీలన్నీ తిరిగాను. రైలెక్కి తునిలో దిగి, పాయకరావుపేట దాకా నడిచి, అక్కడ రెండు అడితీలు, ఒక పాత ఇల్లు విప్పుతున్న చోటు చూశాను. ఆ ఇంటి దూలాలు అప్పటికే అమ్ముడైపోయాయి. మర్నాడు బండెక్కి మాడుగుల దారిన వెళ్ళాను. ఒకాయన పాత మంచం కోళ్ళు ఇస్తానన్నాడు. కొలిచాను. పొట్టి. ఇంకొకాయన ఏం కావాలో విని, “ఇరవై కర్రముక్కల కోసం ఇంత తిరుగుడేటి బాబూ? అరిసెలపీట కాళ్ళకా?” అన్నాడు. మొత్తం తొమ్మిది చోట్లు. తొమ్మిది చోట్లా మిలిటరీ గుర్తు, లేదా ఖాళీ నేల. మాడుగులలో దిగినవాడు హల్వా కొనకుండా వచ్చాడంటే వాడి మనసెలా ఉందో మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

షెడ్డుకి ఇంకా వంద గజాలుండగానే రంపం చప్పుడు వినిపించింది. టేకు మీద పడే రంపం చప్పుడు వేరుగా ఉంటుంది. నేను పరిగెత్తలేదు. పరిగెత్తినా చేసేదేమీ లేదు.

ఏడడుగుల తలుపు చెక్క ఒకటి బల్ల మీద ఉంది. ఒక చివర ఉస్తాద్, రెండో చివర పెద్ద వడ్రంగి. నా కోసం ఎదురుచూడలేదు. నేను గుమ్మంలో నిలబడితే ఉస్తాద్ తలెత్తారు. చెమటతో గడ్డం మెరుస్తోంది.

“దొరికిందా?”

“నేదు ఉస్తాద్.”

“నాకు తెల్సు. రా, ఈ కొస పట్టుకో. ఊగుతున్నాది.”

పట్టుకున్నాను. అంగుళం మందాన నాలుగు బద్దలు. ఒక్కో బద్దలో పదిహేను అంగుళాల కమ్ములు అయిదేసి. సరిగ్గా ఇరవై. నాలుగు బద్దలకి నాలుగు అంగుళాలు, నాలుగు కోతల్లో పొట్టుగా రాలింది అర అంగుళం. తలుపు వెడల్పులో నాలుగున్నర అంగుళాలు పోయాయి. రాలిన పొట్టు నేనే ఊడ్చాను. ఎవరూ ఊడవమనలేదు.

“బావా,” అన్నాడు పెద్ద వడ్రంగి మెల్లగా, నాకు ఒక్కడికే వినిపించేలా. “ఆవేళ కిర్రుమన్నాది సూడు. నాను ఇంకోపాలి అడగాల్సింది.”

ఆ మాట ఇప్పటికీ నన్ను కుదిపేస్తుంది. తప్పు చేసినవాణ్ణి నేనైతే, దాంట్లో తనకీ వాటా ఉందన్నాడు.

గురువారం మధ్యాహ్నానికి పన్నెండు కుర్చీలూ గోదాములో ఉన్నాయి. ఇప్పుడు కుర్చీకి ముక్కలు పదహారు. ఉస్తాద్ ఒక కుర్చీ లాగి, కార్ఖానా నియమం, తాత మాట అన్నీ పక్కన పెట్టి, అందరి ముందూ నన్ను దాని మీద కూర్చోమన్నారు.

“నాను కూకోకూడదు గదా ఉస్తాద్?”

“నీకంటే కుదురు నేనోడు ఈ జిల్లాలో ఎవుడున్నాడు? కూకో. నీ ఇట్టమొచ్చినట్టు కదులు.”

ముసలమ్మ పకపకా నవ్వింది. కూర్చున్నాను. ఒరిగాను, ఊగాను, వెనక్కి వాలాను, కాళ్ళు పైకి పెట్టుకున్నాను. కుర్చీ కిక్కురుమనలేదు. డాక్టరమ్మగారు చీపురు అందుకుని ముందు నుంచి పోనిచ్చారు. దూరింది. ఆ సాయంత్రమే దూలానికి రెండు ఉయ్యాలలు కట్టించారని తరవాత విన్నాను. ఆ రోజు నుంచి కార్ఖానాలో నాకు ఇంకో పని వచ్చింది. తయారైన ప్రతి కుర్చీ మీదా గంటసేపు కూర్చుని కదలడం. ఎంగిలి మాట ఇంకెవరూ ఎత్తలేదు. నేను కదిలినవి లెక్కపెట్టుకోవడం అప్పుడు పట్టుకున్నదే.

ఇక తలుపు. రెండు రెక్కలు కలిపి చూస్తే గుమ్మానికి నాలుగున్నర అంగుళాలు చాలలేదు. వేరే కలప అతికిద్దామని పెద్దలన్నారు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. ఒకే దుంగ తలుపని తను మాటిచ్చానన్నారు. చివరికి తాపీవాణ్ణి పిలిచి, గుమ్మం ఒక పక్క గోడని నాలుగున్నర అంగుళాలు దారిలోకి పెంచి కట్టించారు. తలుపుకి సరిపోయేలా దారిని తగ్గించారు.

తలుపు రంజాను ముందరే నిలబెట్టారు. చూడ్డానికి వెళ్ళాను. ఒక్క ఆకు లేదు. అంచుల వెంట చిత్రికతో తీసిన సన్నటి గాడి ఒకటి, అంతే. కాగితం మీది తీగ వెడల్పాటి తలుపు కొలతకి గీసినది. తగ్గిన తలుపు మీద అది మలుపు తిరగదు. మళ్ళీ గియ్యడానికి ఆయన కూర్చోలేదు. నెమలి మెడ తిప్పగలిగిన చేతులు అంత నున్నటి చెక్కని నాకు మళ్ళీ ఎప్పుడూ చూపించలేదు.

షెడ్డుకి తిరిగొచ్చాక ఆయన పనిముట్ల పెట్టె మూత తీసి, చుట్టి ఉన్న కాగితం నా చేతిలో పెట్టారు.

“ఎనకాల తెల్లగా ఉంది మున్షీ. లెక్కలేసుకో.”

కోపమా, ఎగతాళా, దయా అన్నది ఇన్నేళ్ళూ తిప్పితిప్పి చూశాను. మూడింటిలో ఏదీ పూర్తిగా తేలలేదు. ఆ కాగితం మా ఇంట్లో ఉంది. వెనకవైపు ఇప్పటికీ తెల్లగానే ఉంది. ఆయన పోయాక చాలా కుర్చీలకి లెక్కలు వేశాను, వేరే కాగితాల మీద. వాటిలో ఏ ముక్క తీసినా, తీసే ముందు దాని మీద ఒక మనిషిని కూర్చోబెట్టి కదలనిచ్చాను. కళ్ళు మసకబారి మూడేళ్ళ కిందట పని మానేసేదాకా అదే నా పద్ధతి.

మొన్న ఆ మసీదు వీధిన వెళ్తూ ఎదుటి అరుగు దగ్గర ఆగాను. తలుపు నల్లబడింది గానీ వంకరపోలేదు. లోపలి నుంచి ఒక ముసలాయన వస్తున్నాడు, బయటి నుంచి ఒక పడుచువాడు వెళ్తున్నాడు. ఇద్దరికీ ఒకేసారి దారి చాలదు. ఇద్దరూ ఆగారు.

“నువ్వెల్లు మామా.”

“నువ్వే ఎల్రా. నాకేటి తొందర?”

“నాకు మాత్తరం ఏటుంది? రా మామా.”

పడుచువాడు ఒక అడుగు వెనక్కి వేసి, భుజం గోడకి ఆనించి, ఆయనకి దారిచ్చాడు. సరిగ్గా ఆ నాలుగున్నర అంగుళాల గోడకే. అక్కడ సున్నం భుజమంత ఎత్తున నున్నగా, నల్లగా అయిపోయి ఉంది. ఏటా సున్నం వేస్తారట. ఏటా మళ్ళీ నల్లబడుతుందట.